అరవై రెండు రోజుల ఆవులింత

గుంటూరులో సముద్రం లేదు.
కొరిటెపాడులో, మేడ మీది ఒంటిగదిలో
ఫ్యాను గాలికి లేచే కాగితాల మీద స్క్రూడ్రైవరు బరువు పెట్టి
నేను సముద్రాన్ని లెక్కేస్తుంటాను.
కిటికీ తీస్తే యార్డు వైపు నుంచి మిరప ఘాటు.
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య
బంగాళాఖాతం ఒక అంకె దిగుతుంది.

పదమూడు వందల కిలోమీటర్ల పైనుంచి
ఒక ఉపగ్రహం నీటిని తట్టి చూస్తుంది,
బేరానికి ముందు పుచ్చకాయని వేలితో తట్టినట్టు.
చప్పుడు తిరిగి రావడానికి పట్టిన క్షణమే ఎత్తు.
తట్టి వెళ్ళిపోతుంది.
మళ్ళీ అదే చోటికి పదో రోజు,
కచ్చితంగా చెప్పాలంటే పది రోజులకి రెండు గంటలు తక్కువ.
ఈలోగా ఆ నీళ్ళు పందొమ్మిది సార్లు పొంగి
పందొమ్మిది సార్లు తీశాయి.
ఎవరు చెప్తారు దానికి?

కింద వాటాలో మస్తాన్‌బీ గారికి ఒక నీలం డ్రమ్ము.
కుళాయి పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి.
గ్యాసుబండ కుర్రాడు ఎప్పుడొచ్చినా ఏడింటికే వస్తాడు.
"మీకేం మామ్మా, డ్రమ్మెప్పుడూ నిండుగానే ఉంటది" అంటాడు.
"మజ్జాన్నం మూడింటికి రారా ఓసారి" అంటుందావిడ,
బండ దొర్లించే చప్పుడులో అతనికి వినపడదు.
సూర్యుడి వేళ తప్పని ఉపగ్రహాలు అచ్చం ఆ కుర్రాడే.
సూర్యుడు లాగే పోటు వాటి కళ్ళకి
ఎప్పుడూ ఒకే చోట నిలబడ్డ నీళ్ళు.

చంద్రుడి కుళాయి వేరు.
రోజుకి యాభై నిమిషాలు ఆలస్యంగా తిప్పుతాడు.
పదో రోజుకోసారి తొంగిచూసే కంటికి
పన్నెండున్నర గంటల ఉరుకు
అరవై రెండు రోజుల ఆవులింతలా కనపడుతుంది.
ఆ ఆవులింతని విప్పి మళ్ళీ ఉరుకు చెయ్యడం,
నెలకింతని జీతం తీసుకుని, నా పని.

పదిహేనేళ్ళ చూపులు. ఒక్కో చోటికి ఐదొందల యాభై.
గాలి బరువు తీసెయ్, రుతువు తీసెయ్,
మిగిలినదానికి కొసైన్ల కుచ్చిళ్ళు పెట్టు.
ఒకటి సర్దితే ఇంకొకటి జారుతుంది.
తప్పులన్నీ కలిపి ఇక తగ్గనంటాయి చూడు,
అక్కడ పిన్నీసు పెట్టాలి.

తీరం దగ్గరికొచ్చేసరికి మాత్రం
కంప్యూటరు వరసగా తొమ్మిదులు రాస్తుంది.
9999 9999 9999
నేల తగిలిన ప్రతిధ్వనిని నమ్మకూడదట.
ఆ తొమ్మిదుల కింద నిజాంపట్నం ఉంది.

రేపల్లె దాకా రైలు, అక్కణ్ణుంచి షేరాటో.
చేతిలో గీతల కర్ర.
కొక్కిలిగడ్డ నాంచారయ్య కర్రని చూశాడు, నన్ను చూశాడు.
"తిథేంటో చెప్పు ముందు."
ఫోను చూసి షష్ఠి అన్నాను.
"అయితే నీళ్ళకి బద్ధకం. ఎల్లుండికి ఇంకా బద్ధకం.
నవమి దాటాక లేస్తయ్యి."
నా ఫైల్లో ఆ మాటకి రెండు గ్రీకు అక్షరాలు,
నాలుగేసి దశాంశాలు.

పోటు నిండా ఎక్కినప్పుడల్లా జెట్టీ స్తంభం మీద
సుద్దతో గీసి, వేళ రాయమన్నాను.
"సుద్దయితే మర్నాటి పోటు నాకేస్తదమ్మా" అని
పడవ రంగు డబ్బా తెచ్చాడు.

నెలకి ఫోటో వచ్చింది. స్తంభమంతా ఆకుపచ్చ గీతలు,
ఒకటి మాత్రం పసుపు. ఆ రోజు డబ్బా అడుగంటిందట.
నా లెక్క కంటే ఆయన పోటు
ప్రతిసారీ ఇంచుమించు పదిహేడు నిమిషాలు వెనక.
రెండు రాత్రులు ప్రోగ్రామంతా తవ్వి
సిగ్గుపడుతూ ఫోను చేశాను.
"మొగలో మేటేసింది గందా ఇసక.
మడ చుట్టి రావాల. నడుమొంచుకుని రావద్దా, నీళ్ళయినా?"

ఇప్పుడు ఫారం నింపుతున్నాను.
పరికరం పేరు: కొక్కిలిగడ్డ నాంచారయ్య.
నెలకొల్పిన సంవత్సరం: ఆయనే సరిగ్గా చెప్పలేదు,
తుఫానుకి ముందో వెనకో అన్నాడు.
కొలతలో తేడా రావచ్చినంత:
పడవ రంగు గీత మందం,
మూడు వేళ్ళు.